అరకు, కొంకణ్, దూధ్‌సాగర్, నీలగిరి: కిటికీ పక్కన కూర్చోవడానికి ఏ రైలు?

ప్రకృతిని చూడటానికే రైలెక్కాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది సముద్రతీరానికి వెళ్లాలా, కొండల్లోకి వెళ్లాలా అని. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ రైలు చూడదగిన చోటును ఏ వేళకు దాటుతుంది? కొంకణ్ మార్గంలో నా మొదటి ప్రయాణానికి టిక్కెట్లు తీసిపెట్టిన ఏజెంటు, రాత్రి పడుకుంటే పొద్దున్నే గోవాలో దిగవచ్చని, ఒక రోజు కలిసొస్తుందని చెప్పి రాత్రి రైలుకు తీశాడు. కలిసొచ్చిన ఆ రోజు ఏం చేశామో ఇప్పుడు గుర్తు లేదు. సొరంగంలోకి దూరినప్పుడల్లా రైలు చప్పుడు మారిపోవడం మాత్రం గుర్తుంది, ఎందుకంటే దేశంలోనే పేరుపడ్డ ఆ దారి గురించి ఆ రాత్రి నాకు తెలిసివచ్చినది అంత మాత్రమే.

కాబట్టి ఈ పోలికలో నేను ప్రతి మార్గాన్నీ మూడు విషయాలతో తూచాను. చూడదగిన భాగం పగటి వెలుతురులో ఎంతసేపు దొరుకుతుంది, ఏ నెలల్లో అది చూడదగ్గదిగా ఉంటుంది, తెలుగు ప్రాంతాల నుంచి అక్కడికి చేరడానికి ఎంత శ్రమ పడాలి అన్నవి ఆ మూడు. ఛార్జీల సంగతి నాలుగోది. సాధారణ రెండో తరగతి టిక్కెట్టుతోనే ఈ మార్గాలన్నీ చూడవచ్చు కనుక దానికి అంత ప్రాధాన్యం ఇవ్వలేదు.

తీరం వెంబడి వెళ్లే రైళ్లు

తీరప్రాంత రైలు అనగానే కిటికీలోంచి అలలు కనబడతాయని ఊహించుకునేవారికి ముందే ఒక మాట చెప్పడం మంచిది. మన హౌరా–చెన్నై ప్రధాన మార్గాన్నే చూడండి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరానికి సమాంతరంగా వందల కిలోమీటర్లు సాగే ఆ దారిలో ప్రయాణికుడికి సముద్రం కనబడదనే చెప్పాలి. నదులు సముద్రంలో కలిసేచోట పాయలుగా చీలి విశాలంగా పరుచుకుంటాయి, నేల మెత్తగా ఉంటుంది, తుఫాను వస్తే ఉప్పునీరు లోపలికి పొంగుతుంది. అందుకే రైలు దారిని తీరానికి కొంత దూరంగా, నదిని దాటడానికి అనువైన చోటు చూసుకుని వేశారు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద వంతెనలు పడటం వెనుక ఉన్న తర్కమూ ఇదే.

ఈ మార్గంలోనే, ఆంధ్ర సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్లాక, రైలు నిజంగా నీటి అంచున నడిచే చోటు ఒకటి ఉంది: చిలికా సరస్సు. ఖల్లికోట్, రంభ, బాలుగావ్ స్టేషన్ల మధ్య పట్టాలకు ఒక పక్క తూర్పు కనుమల గుట్టలు, మరో పక్క ఉప్పునీటి సరస్సు వస్తాయి. విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ వైపు వెళ్తుంటే సరస్సు కుడి చేతి వైపు ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఎడమ చేతి వైపు కూర్చోవాలి. నీళ్లలో వెదురు కర్రలు పాతి చేపల కోసం కట్టుకున్న వలలు, పడవలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షుల గుంపులు కనబడతాయి. ఉత్తరాంధ్ర వారికి సెలవు కూడా పెట్టనక్కరలేని ప్రయాణం ఇది, అయినా దీన్ని చూడటానికని ప్రత్యేకంగా వెళ్లేవారు నాకు తెలిసి చాలా తక్కువ. పూరీ యాత్రకు వెళ్తూ నిద్రలో దీన్ని దాటేసేవారే ఎక్కువ.

ఇక కొంకణ్. మహారాష్ట్రలోని రోహా నుంచి మంగుళూరు దగ్గరి తోకూరు దాకా 741 కిలోమీటర్ల ఈ మార్గం 1998 జనవరి 26న పూర్తిగా ప్రారంభమైంది. ఒక వైపు సహ్యాద్రి, మరో వైపు అరేబియా సముద్రం ఉన్న సన్నని పట్టీలో, కొండల మీది నుంచి సముద్రానికి అడ్డంగా దిగే ప్రతి వాగునూ నదినీ దాటుకుంటూ ఈ దారి వేయవలసి వచ్చింది. అందుకే దాదాపు 2000 వంతెనలు, 90కి పైగా సొరంగాలు అవసరమయ్యాయి. ఇక్కడ కూడా సముద్రం కనబడేది తక్కువే. అసలు చూడవలసినవి నదులు: సముద్రానికి చేరువై, ఆటుపోట్లకు లొంగి, వేగం పోయి, ఇరువైపులా కొబ్బరి తోటలతో వెడల్పయ్యే నదులు. రత్నగిరి సమీపంలోని పాన్‌వల్ నది వంతెన 60 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది, దాని మీద నుంచి కిందికి చూస్తే చెట్ల తలలే కనబడతాయి. హొన్నావర దగ్గర శరావతి మీది వంతెన రెండు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. రైలు దాన్ని దాటుతున్నంతసేపూ పెట్టెలో మాటలు తగ్గిపోవడం నేను గమనించాను.

కొంకణ్‌ను ముంబయి–మడగావ్, మడగావ్–మంగుళూరు అని రెండు ముక్కలుగా చూసుకుంటే ఎంపిక సులభమవుతుంది. ఉత్తర భాగంలో సొరంగాలు, లోతైన కోతలు ఎక్కువ. ఎర్రటి చిల్లులరాతిని నిలువునా కోసి దారి చేసిన చోట్ల వానాకాలంలో రెండు పక్కలా గోడల మీద నాచు పట్టి, చిల్లు చిల్లులోంచీ నీళ్లు కారుతుంటాయి. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ చెయ్యి చాపకూడదు. దక్షిణ భాగంలో కార్వార్ నుంచి కిందికి కాళి, అఘనాశిని, శరావతి నదులు వరుసగా వస్తాయి, సొరంగాలు పలచబడతాయి, చూపు దూరం పోతుంది. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను దక్షిణ భాగాన్నే ఎంచుకుంటాను. కానీ హైదరాబాదు నుంచి వెళ్లేవారికి ముంబయి మీదుగా ఉత్తర భాగమే సులువు. రాత్రి రైలుకు ముంబయి చేరి, మర్నాడు పొద్దున్నే మడగావ్‌కు పగటి రైలు పట్టుకోవచ్చు. ఉదయం బయలుదేరి రాత్రికి చేరే మాండవి ఎక్స్‌ప్రెస్ నిదానంగా వెళ్తుంది, తిండికి పేరున్న రైలు కూడా. అద్దాల పెట్టె ఉన్న జనశతాబ్ది తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికి చేరుస్తుంది. అదే దారిలో 2023 నుంచి నడుస్తున్న వందే భారత్ సౌకర్యంగా ఉంటుంది. అయితే చూడటానికే వెళ్తున్నప్పుడు వేగం మనకు అనుకూలం కాదు.

వానాకాలంలో, జూన్ నుంచి అక్టోబరు దాకా, కొంకణ్ రైళ్లకు వేరే వేళలు అమలులో ఉంటాయి. కొండచరియల భయంతో వేగం తగ్గిస్తారు, ప్రయాణం ఒకటి రెండు గంటలు పెరగవచ్చు. పని మీద వెళ్లేవాడికి అది నష్టం, కిటికీ పక్కన కూర్చున్నవాడికి అది లాభం. అయితే ఆ నెలల్లో తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్టు అదే రోజుకు పెట్టుకోకండి.

పంబన్ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. మండపం నుంచి రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వెళ్లే కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది; ఓడలు వెళ్లడానికి దాని మధ్య భాగం, 72.5 మీటర్ల పొడవున్నది, నిట్టనిలువుగా పైకి లేస్తుంది. 1914 నాటి పాత వంతెన మీద రైలు నడక వేగంతో వెళ్లేది కనుక ఆ రెండు కిలోమీటర్లూ చాలాసేపు పట్టేవి. కొత్తదాని మీద కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని దృశ్యం మన దేశంలో మరో రైలు దారిలో ఇంతగా దొరకదు, నిజమే. కానీ ఆ కొద్ది నిమిషాల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను. రామేశ్వర దర్శనానికి వెళ్తున్నవారు మాత్రం సూర్యోదయం తర్వాత వంతెన దాటే రైలు చూసుకుంటే చాలు.

కొండలెక్కే రైళ్లు

తెలుగువారికి చేతికందే కొండ రైలు విశాఖపట్నం–అరకు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గం ఇది. సరుకు కోసం వేసిన దారి కాబట్టి ఇది వంపులు తిరుగుతూ, సొరంగాలు తొలుచుకుంటూ నెమ్మదిగా ఎక్కుతుంది, బండలు మోసే బండికి నిటారు ఎక్కుడు పనికిరాదు మరి. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా మైదానమే. ఆ మొదటి గంటన్నరలో ఇడ్లీ తినేసి సిద్ధంగా ఉండటం మంచిది. శివలింగపురం నుంచి త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తుకు వస్తాం. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో ఎత్తైన స్టేషనుగా శిమిలిగూడ పేరు బోర్డు మీద రాసి ఉండేది. దారిలో 58 సొరంగాలు. రైలు ప్రతి సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు; పది సొరంగాల దాకా సరదాగా ఉంటుంది, ఇరవయ్యోదానికి పెద్దవాళ్లు కూడా మొదలుపెడతారు.

ఈ దారిలో ఎక్కువమంది పొరపాటు పడేది తిరుగు ప్రయాణంలో. కిరండోల్ పాసింజరు పొద్దున విశాఖలో బయలుదేరుతుంది కనుక ఎక్కుడంతా మంచి వెలుతురులో చూస్తాం. కిందికి వచ్చే రైలు పొద్దు వాలే వేళకు అరకు వస్తుంది, కాస్త ఆలస్యమైతే శీతాకాలంలో ఘాట్ మధ్యలోనే చీకటి పడుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు అనంతగిరి మీదుగా బస్సో కారో అన్నది నా సలహా. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పే అలవాటున్నవారు రాత్రి అరకులోనే ఉండిపోయి, మర్నాడు రైలులోనే దిగవచ్చు. సమయం ఉన్నవారు అరకులో దిగకుండా కోరాపుట్ దాకా వెళ్లి చూడాలని కూడా చెబుతాను, ఎందుకంటే అరకులో రైలు ఖాళీ అయిపోయి, ఆ తర్వాత కిటికీలన్నీ మనవే అవుతాయి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో అయితే కొండవాలుల మీద వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి.

గోవా, కర్ణాటక సరిహద్దులోని దూధ్‌సాగర్ దారి దీనికి పూర్తిగా భిన్నం. అరకు ఘాట్‌లో మూడు గంటలు నెమ్మదిగా విప్పుకునేది, ఇక్కడ క్యాజిల్ రాక్, కులెం స్టేషన్ల మధ్య ఒక గంటలో ముద్దగా దొరుకుతుంది. దట్టమైన అడవి, వరుస సొరంగాలు, వాటి నడుమ 300 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పాయలుగా జారే జలపాతం, దాని ఒంటి మీదుగానే రైలు వంతెన ఉంటాయి. పోర్చుగీసు పాలనలో 1880లలో మొదట వేసిన దారి ఇది. ఇక్కడ ఎక్కుడు 37 అడుగులకు ఒక అడుగు, అందుకే పైకి వెళ్లే రైలుకు కులెంలో అదనపు ఇంజన్లు తగిలిస్తారు. జలపాతం దగ్గర దిగడాన్ని రైల్వే నిషేధించింది. దిగినవారి మీద కేసులు పెడుతున్నారు కూడా, కనుక దిగే ఆలోచనతో ఈ మార్గం ఎంచుకోకండి. జూలై నుంచి అక్టోబరు దాకా దీనికి కాలం. మార్చి తర్వాత వెళ్తే నల్లటి బండ మీద నీటి చారికలు చూసి రావలసి ఉంటుంది.

కోస్తా వారికి విజయవాడ, గుంటూరుల మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. సికింద్రాబాదు నుంచి వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైలు 2024 అక్టోబరులో మొదలైంది. ఈ రెండో దానిలోనే నేను మొదట చెప్పిన వేళల విషయం స్పష్టంగా కనబడుతుంది. సికింద్రాబాదులో పొద్దున ఎక్కితే మర్నాడు వేకువకు గోవాలో దిగుతాం, అంటే ఘాట్ మొత్తం చీకట్లో దాటేస్తాం. తిరుగు రైలు ఉదయం వాస్కోలో బయలుదేరుతుంది కనుక అదే ఘాట్‌ను మంచి వెలుతురులో ఎక్కుతుంది. ఒకే రైలు, ఒకే పట్టాలు. పోయేటప్పుడు ఏమీ లేదు, వచ్చేటప్పుడు అంతా ఉంది.

నీలగిరి కొండ రైలును ఈ వరుసలో పెట్టి పోల్చడం కొంత అన్యాయమే, ఎందుకంటే అక్కడ దృశ్యం కంటే బండే విశేషం. మెట్టుపాళయం నుంచి ఉదగమండలం దాకా 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా ఈ దారి పూర్తయింది. యునెస్కో 2005లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యన పళ్లున్న ఇనుప కమ్మీల జత పరిచి ఉంటుంది. ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని కరచుకుంటూ ఎక్కుతుంది, 12 అడుగులకు ఒక అడుగు ఎక్కుడును మామూలు చక్రం పట్టుకోలేదు కాబట్టి. ఆవిరి ఇంజను వెనక నుంచి పెట్టెలను నెడుతుంది, అందువల్ల ముందు పెట్టెలో కూర్చున్నవారికి ఎదుట ఇంజను లేకుండా దారి మొత్తం కనబడుతుంది. ప్రతి పెట్టె ముందు చిన్న వసారాలో బ్రేకులు వేసే మనిషి జెండాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంజను నీళ్లు తాగడానికి మధ్యలో ఆగుతుంది, మనమూ అక్కడే దిగి కాళ్లు సాగదీసుకోవాలి, పెట్టెల్లో మరుగుదొడ్లు లేవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి, చక్కెర జబ్బున్నవారికి ఈ ఐదు గంటలు కష్టమే. వారికి కూనూరు–ఊటీ మధ్య గంటకు పైగా పట్టే చిన్న ప్రయాణం సరిపోతుంది. కానీ పళ్ల కమ్మీ భాగం ఆ ముక్కలో లేదు, డీజిల్ ఇంజనే లాగుతుంది. మెట్టుపాళయంలో ఎక్కడానికి టిక్కెట్టు దొరకకపోతే, ఊటీ నుంచి కిందికి దిగే రైలుకు చూడండి. ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది, టిక్కెట్లకు పోటీ కూడా కొంత తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు పడి మెట్టుపాళయం–కూనూరు భాగం తరచు మూతపడుతుంది, ఆ నెలల్లో దీని మీదే ఆశ పెట్టుకుని కుటుంబాన్ని తీసుకెళ్లవద్దు. చేరడానికి చెన్నై నుంచి రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి మెట్టుపాళయం చేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌ను మించినది లేదు.

కాల్కా–సిమ్లా, డార్జిలింగ్ రైళ్లు కూడా వారసత్వ జాబితాలోనివే, చూడదగ్గవే. కానీ మనకు పోను రాను నాలుగు రోజులు దారికే పోతాయి కనుక ఢిల్లీ వైపో, బెంగాల్ వైపో వేరే పని ఉన్నప్పుడు కలుపుకోవడం మేలు.

అద్దాల పెట్టెనా, తెరిచిన కిటికీనా

అరకు రైలులో విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. కొంకణ్ జనశతాబ్దిలోనూ ఉంది. పైకప్పులో అద్దాలు, పెద్ద కిటికీలు, తిరిగే కుర్చీలు ఉంటాయి. దాని గురించి నా అభిప్రాయం కాలాన్ని బట్టి మారుతుంది. వాన పడుతున్నప్పుడు మామూలు పెట్టెలో కిటికీ తలుపులు దించుకోక తప్పదు, అప్పుడు ఏ ఘాట్ అయినా ఒకటే; కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అద్దాల పెట్టెకు డబ్బు పెట్టడం దండగ కాదు. శీతాకాలంలో మాత్రం ఆ మూసిన అద్దం లోపల చల్లగాలీ తగలదు, తడి ఆకుల వాసనా రాదు, ఫొటో తీస్తే వెనక సీటువారి చొక్కా అద్దంలో పడుతుంది. నవంబరులో అరకు వెళ్లేవారు రెండో తరగతి కిటికీ పక్కన కూర్చుని, స్టేషన్లలో అమ్మే జామకాయలు కొనుక్కుంటూ వెళ్లడమే బాగుంటుంది.

దూరపు రైళ్లలో పగలు చూడటానికి స్లీపర్ తరగతి సైడ్ లోయర్ బెర్తు అనువైనది, 7, 15, 23, 31 అలా ఎనిమిదేసి కలుపుకుంటూ పోయే అంకెలవి. అయితే పెట్టెను ఏ దిక్కుగా తగిలిస్తారో ముందు తెలియదు కనుక సైడ్ లోయర్ సముద్రం వైపు వస్తుందో, కొండ వైపు వస్తుందో బెర్తు అంకెను బట్టి చెప్పలేం. రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి. నీలగిరి రైలుకు, అరకు అద్దాల పెట్టెకు ఆ మొదటి రోజు పొద్దున్నే కూర్చోవాలి, మిగిలినవాటికి అంత తొందర లేదు.

ఎవరికి ఏది

ఒక్క రోజే ఉన్నవారికి, చిన్నపిల్లలున్నవారికి అరకే. దానికి పోటీ లేదు. పెద్దవారిని తీసుకెళ్లేవారికి, మరుగుదొడ్డి, భోజనం, పడక అన్నీ ఉన్న కొంకణ్ పగటి రైలు. యంత్రాలంటే ఇష్టమున్న పిల్లవాడు ఇంట్లో ఉంటే నీలగిరి, అది కూడా జనవరి నుంచి మే లోపల. అరకు, దూధ్‌సాగర్‌లలో ఒకటి చాలంటే, వానల్లో దూధ్‌సాగర్, శీతాకాలంలో అరకు.

ఐదారు రోజులు తీరిక ఉన్నవారికి తీరాన్నీ కొండనూ కలిపే ఒక చుట్టు దారి చెబుతాను, సెప్టెంబరు చివర గానీ అక్టోబరులో గానీ. హైదరాబాదు నుంచి రాత్రి రైలులో ముంబయి, మర్నాడు గానీ ఒక రోజు ఆగి గానీ పగటి రైలులో కొంకణ్ మీదుగా మడగావ్, గోవాలో రెండు రోజులు, తర్వాత వాస్కో నుంచి ఉదయం బయలుదేరే సికింద్రాబాదు రైలు. ఇదే చుట్టును ఎదురు తిప్పితే దూధ్‌సాగర్ రాత్రి పాలవుతుంది. వాస్కో రైలు వారానికి రెండే రోజులు కనుక ముందు ఆ టిక్కెట్టు తీసుకుని, దాన్నిబట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ముంబయి రైలు తేదీ నిర్ణయించుకోవాలి. ఆ రోజు రైలు కులెంలో వెనక ఇంజన్లు తగిలించుకోవడానికి కాసేపు నిలబడుతుంది. నీళ్ల సీసా, తినడానికి ఏమైనా అప్పటికే దగ్గర పెట్టుకుని, పై బెర్తు మీద నిద్రపోతున్నవారిని లేపవలసిన సమయం అదే.